ఏ కోడెకు పుట్టిందో అడిగేవాళ్ళు లేరు

పలమనేరు నుంచి పాకాల దాకా ఏ ఊళ్ళోనైనా ఆగండి. పాల కేంద్రం దగ్గర క్యాను పట్టుకుని నిలబడ్డవాణ్ణి "మీ ఆవు పూటకెన్ని లీటర్లిస్తాది?" అని అడగండి. ఠక్కున చెబుతాడు. ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత, పోయిన బిల్లులో ఎంత కోత పడింది, అన్నీ నోటికి వచ్చు. "దాని తండ్రి ఎవరు?" అని అడగండి. మీ ముఖం వంక వింతగా చూస్తాడు. "సూది వేయించినాం పెద్దాయనా" అంటాడు. అంతకు మించి ఒక్క ముక్క రాదు.

సూదికి ఆవు పుట్టదు. సూది దారి మాత్రమే. ఆ దారిన వచ్చిన బీజం ఏదో ఒక కోడెది. ఆ కోడెకు ఒక తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు. తల్లి ఇచ్చిన పాల లెక్క ఉంది. దాని కాళ్ళ తీరు ఉంది, గుణం ఉంది. రేపు మీ కొట్టంలో పుట్టే దూడలో సగం అక్కణ్ణుంచి వచ్చేదే. ఆ సగం సంగతి ఎవరికీ పట్టడం లేదు. నాకు డెబ్బై ఐదేళ్ళు దాటాయి. గొడ్ల మధ్య పుట్టి గొడ్ల మధ్యే పెరిగినవాణ్ణి. ఈ మాట చెప్పకుండా కళ్ళు మూసుకోవడం నాకు చేతకాదు.

మా రోజుల్లో కోడెను ఎంచడం ఊరి పని. ఏ ఒక్కడి ఇష్టానికీ వదిలేవాళ్ళు కాదు. తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలి, పాడిని చూసి బర్రెను కొనాలి అని పెద్దలు ఊరికే అనలేదు. ఒక కోడెదూడను బీజానికి ఉంచాలంటే ముందు దాని తల్లి ఉన్న కొట్టానికి పోయేవాళ్ళు. ఒక్క ఈత చూసి తేల్చేవాళ్ళు కాదు, రెండు మూడు ఈతల సంగతి అడిగేవాళ్ళు. ఏటేటా ఈనుతోందా, ఏడాది తప్పుతోందా? ఈనినాక మాయ తేలిగ్గా వేసిందా? నాలుగు చన్లూ సమంగా ఉన్నాయా? గడ్డి దొరకని కరువేట పాలు ఎండగట్టిందా, ఉన్నంతలో ఇచ్చిందా? దూడను నాకి దగ్గరికి తీస్తుందా, కాలెత్తి తంతుందా? ఇవన్నీ తేలాక దూడ వంక చూపు తిరిగేది.

దూడను చూడటంలోనూ ఒక పద్ధతి ఉండేది. వెన్ను వంగకూడదు. గిట్టలు నల్లగా, దగ్గరగా ఉండాలి. నడిస్తే ముందు కాలు ఎత్తిన చోట వెనక కాలు పడాలి. విత్తులు రెండూ సమంగా దిగి ఉండాలి. మూపురం, గంగడోలు, చెవులు, చూపు, ఒక్కొక్కటీ విడివిడిగా చూసేవాళ్ళు. సుళ్ళు కూడా లెక్కపెట్టేవాళ్ళు. సుళ్ళ మాట పక్కన పెట్టండి, అది నమ్మకం. మిగతావి చాలావరకు ఇవాళ పశువుల డాక్టర్లు బీజపు కోడెను పరీక్షించేటప్పుడు చూసేవే. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ దూడకు విత్తులు కొట్టించి సేద్యానికి కట్టేవాళ్ళు. బీజానికి మాత్రం పనికిరాదు.

పలమనేరు సంతకు మా నాయన వెంట పోయేవాణ్ణి. ఆయన కట్టేసి ఉన్న కోడెను చూసి మాట చెప్పేవాడు కాదు. "నడిపించప్పా" అనేవాడు అమ్మేవాణ్ణి. పది బారలు అటు, పది బారలు ఇటు నడిపించేవాడు. ఆయన పక్కకు జరిగి, మోకాళ్ళ మీద కూచుని, గిట్టలు నేలను తాకే తీరు చూసేవాడు. తర్వాత మూతి పట్టి పెదవి ఎత్తి పళ్ళు చూసేవాడు. రెండు పళ్ళ కోడె అయితేనే మాట ముందుకు సాగేది. అన్నీ కుదిరినాక "దీని తల్లి యాడుంది?" అని అడిగేవాడు. ఊళ్ళో ఉందంటే "అయితే రేపొస్తాం, చూపించు" అనేవాడు. తువాలు కింద చేతులు కలిపి వేళ్ళ మీద బేరమాడేది ఆ తల్లిని చూసొచ్చిన తర్వాతే. తల్లిని చూపించనివాడి దగ్గర ఎంత అందమైన కోడె ఉన్నా కొనేవాడు కాదు.

పెద్దలు పోయినప్పుడు వాళ్ళ పేరున కోడెకు ముద్ర వేసి వదిలే ఆచారం ఉండేది. ఆ కోడె ఎవరి చేలో మేసినా కొట్టేవాళ్ళు కాదు. ఊరంతా దానికి మేత పెట్టేది, ఊరి ఆవులన్నీ దానికే చూలు కట్టేవి. అందుకే అవిటి కోడెనో, బక్క కోడెనో వదలనిచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో ఉన్నవాటిలో మేలైనదే వదలాలి. అది దేవుడి పేరున జరిగినా, లాభం మాత్రం పశువుల తరాలకు.

ఇంకో కట్టుబాటు ఉండేది. మూడు నాలుగేళ్ళు గడిస్తే ఆ కోడెకు పుట్టిన పెయ్యలు ఎదకొచ్చే ఈడుకు వస్తాయి. ఆలోపే ఆ కోడెను పక్క ఊరికి మార్చి, అక్కడి కోడెను ఇక్కడికి తెచ్చుకునేవాళ్ళు. తండ్రికి కూతురు చూలు కట్టకూడదని చదువురాని మా పెద్దలకు తెలుసు. పెళ్ళి సంబంధానికి ఇంటిపేరు, గోత్రం అడిగినంత పట్టుదలగా ఆవు విషయంలోనూ అడిగేవాళ్ళు.

రాత కూడా ఉండేది. మా నాయన ఆవును కోడెకు చూపించిన రోజు పంచాంగం అంచున పెన్సిల్‌తో రాసేవాడు. ఆవు రంగు, కోడె ఏ ఊరిది, ఏ తిథి, అంతే. తొమ్మిది నెలల తొమ్మిది రోజులు లెక్కగట్టి ఈనే నాటికి కొట్టంలో గడ్డి పరిచి ఉంచేవాడు. పాత పంచాంగాలు పారేసేవాడు కాదు. ఏ పెయ్య ఏ కోడె బిడ్డో తెలుసుకోవాలంటే అటక మీదికి ఎక్కి ఆ ఏటి పంచాంగం తిరగేయాల్సిందే.

అప్పుడు మాకు కావలసినవి మూడే. కపిల తోలే ఎద్దు, ఇంటికి చాలే పాలు, కరువును ఓర్చుకునే ఒళ్ళు. బరువు పనికి సరిహద్దు అవతలి నుంచి హళ్ళికారు ఎద్దులు తెచ్చేవాళ్ళు. పాలకూ, చిన్న సేద్యానికీ మన నేల ఇచ్చిన పుంగనూరు ఉండేది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. పొట్టి కొమ్ములు, నేలను తాకే తోక కుచ్చు. రోజుకు మూడు నుంచి ఐదు లీటర్ల పాలు, అందులో వెన్న 8 శాతం దాకా. గుట్ట మీద ఎండుగడ్డి నమిలి, చెనిక్కట్టె మేసి బతికేది. దానికి ప్రత్యేకంగా పెట్టేది ఏమీ ఉండేది కాదు. నీళ్ళు లేని నేలలో చిన్న రైతు కొట్టంలో పాలచుక్క ఉండటానికి కారణం ఆ పశువే.

ఇదంతా చెబుతున్నానంటే సూది వద్దంటున్నానని అనుకోవద్దు. సూది వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. దేశంలో ఈ పని మొదట చేసి చూపించింది మనకు దగ్గర్లోనే, మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫాంలో. 1939లో సంపత్ కుమారన్ అనే పశువైద్యుడు చేశారు. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో పెట్టారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో కీ విలేజ్ పథకం వచ్చి, మేలైన కోడెలను, సూదిని పల్లెలకు చేర్చే పని పెట్టుకుంది. అప్పట్లో వీర్యం మంచు పెట్టిన థర్మాస్‌లో వచ్చేది. రెండు మూడు రోజులకు మించి నిలవదు. అంటే కోడె దగ్గర్లోనే ఉండాలి. కావాలంటే పోయి చూసి రావచ్చు.

గ్లిజరిన్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా చావవని 1949లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆ విద్య మన దాకా వచ్చేసరికి కోడె మన కంటికి దూరమైంది. ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల చలిలో బీజం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నంద్యాలలో, విశాఖపట్నంలో కోడెలను పెట్టి వీర్యం తీసి, పావు మిల్లీలీటరు పట్టే సన్నటి గొట్టాల్లో నింపి జిల్లాలకు పంపుతున్నారు. ఒక్కో గొట్టంలో రెండు కోట్ల వీర్యకణాలు ఉంటాయి. సూది వేసే గోపాలమిత్రలు వచ్చారు, బండి మీద ఇంటి ముందుకే బీజం క్యాను వచ్చింది.

మేలు జరగలేదని అనను. కోడె నుంచి ఆవుకు, ఆవు నుంచి కోడెకు అంటుకుని గర్భాలు పోగొట్టే రోగాలు సూదితో తగ్గాయి. బ్రూసెల్లా, క్షయ లేవని పరీక్ష చేసిన కోడెల బీజమే పంపుతారు. జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) రక్తం కలిసి మన జిల్లా పాలకు పేరు తెచ్చుకుంది. 1992లో హెరిటేజ్ డెయిరీ ఈ గడ్డ మీదే మొదలైంది, వెనకే ఇంకెన్నో డెయిరీలు వచ్చాయి. చెనిక్కాయ చేను ఎండిపోయిన ఏడాది కూడా పిల్లల ఫీజు కట్టించింది పాల బిల్లే. ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతికి పదిహేను రోజులకోసారి డబ్బు వస్తోందంటే ఆవు పుణ్యమే. నేను కాదనడం లేదు.

నా కోపం ఎంపిక మానేసినందుకు. మా నాయనకు చుట్టుపక్కల పది ఊళ్ళలో దొరికేవి నాలుగైదు మంచి కోడెలు. వాటిలో ఒకటి ఎంచడానికి ఆయన రెండు రోజులు తిరిగేవాడు. మీకు దేశంలోని మేలైన కోడెలన్నీ ఇంటి ముందుకు వస్తుంటే, రెండు నిమిషాలు కూడా అడగడం లేదు. క్యానులో ఏది చేతికందితే అది.

పోయినేడు జరిగింది చెబుతాను. మా ఇంట్లో ఒక పెయ్య పొద్దున్నే అరవడం మొదలెట్టింది. తీగలు వేస్తోంది, పక్క ఆవు మీదెక్కితే కదలకుండా నిలబడుతోంది. సాయంత్రానికి సూది వేయించాలని ఫోన్ చేస్తే, మధ్యాహ్నానికే ఒక కుర్రాడు వచ్చాడు. బండి దిగి, క్యాను మూత తీసి, పటకారుతో ఒక గొట్టం లాగబోయాడు.

"ఏ కోడెది నాయనా?" అన్నాను.

"అన్నీ మంచివే పెద్దాయనా, హెచ్‌ఎఫ్."

"నెంబరు చెప్పు."

వాడు తెల్లబోయాడు. గొట్టాన్ని నీళ్ళలో వేసి తుడిచి నా చేతికిచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని వెలుతురులోకి తిప్పాను. గడ్డిపరక అంత గొట్టం మీద చీమ అక్షరాల్లో అన్నీ ఉన్నాయి. కోడె నెంబరు, జాతి, తయారైన చోటు, తేదీ. లోపలికి పోయి నా డైరీ తెచ్చాను. ఆ పెయ్య తల్లికి అప్పట్లో వేయించిన సూది నెంబరు చూశాను. అదే కోడె. ఆ గొట్టం వేసి ఉంటే నా కొట్టంలో తండ్రికి కూతురు చూలు కట్టేది. కుర్రాడు మంచివాడే. సాయంత్రానికి వేరే కోడెది తెచ్చి వేశాడు. పోతూ "ఇన్నేళ్ళల్లో నన్ను నెంబరడిగింది నువ్వొక్కడివే" అన్నాడు. ఆ మాటకు నాకు గుండెలో కలుక్కుమంది.

తండ్రి కూతుళ్ళ బిడ్డలో నాలుగో వంతు జన్యువులు రెండు వైపులా ఒకటే అవుతాయి. ఆ దూడ నీరసంగా పుట్టొచ్చు, సరిగా ఎదగకపోవచ్చు, పాలు తగ్గొచ్చు, చూలు నిలవకపోవచ్చు. మా ఊరి కోడె తప్పు చేస్తే ఆ నష్టం ఒక ఊరితో పోయేది. ఊరి కోడె ఏడాదికి చూలు కట్టించేది వంద ఆవులకు లోపే. సూది కోడె నుంచి ఏడాదికి వేల గొట్టాలు తయారవుతాయి. మంచిదైతే మంచి వేల కొట్టాలకు పోతుంది, చెడ్డదైతే చెడుగూ అన్ని కొట్టాలకూ పోతుంది. అందుకే మా రోజుల కంటే ఈ రోజుల్లో పది రెట్లు జాగ్రత్తగా ఎంచాలి. జరుగుతున్నది దానికి తలకిందులు.

ఎంపిక తర్వాతి పనిలోనూ అదే అశ్రద్ధ. గొట్టాన్ని 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచి కరిగించాలని పద్ధతి. జేబులో పెట్టుకుని కరిగించేవాళ్ళను చూశాను. క్యానులో నైట్రోజన్ అడుగంటినా ఈ వారం గడిస్తే చాలనుకునేవాళ్ళను చూశాను. ఎద పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున అన్న లెక్క పాటించక, తీరిక దొరికినప్పుడు వచ్చేవాళ్ళనూ చూశాను. దేశంలో వంద సూదులు వేస్తే చూలు నిలిచేవి 35 చిల్లర. నిలవకపోతే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. మూడుసార్లు తిరగపొర్లితే ఆవును గొడ్డుదని సంతకు తోలేస్తారు. ఆవు తప్పా, ఎద చూసిన మనిషి తప్పా, గొట్టం తప్పా అని ఎవరూ విచారించరు.

లీటర్ల ఆశ ఇంకో పెద్ద పొరపాటు చేయిస్తోంది. చిన్న ఒళ్ళున్న పెయ్యకు, మొదటి చూలుకే, పెద్ద ఒళ్ళు హెచ్‌ఎఫ్ బీజం వేయిస్తారు. దూడ పెద్దదై ఈనలేక ఆవు తన్నుకుంటుంది. నడిరేయి నలుగురు మగవాళ్ళు తాడు కట్టి లాగే పరిస్థితి వస్తుంది. 1962 నెంబరుకు ఫోన్ చేసి డాక్టరు వచ్చేదాకా ఆ తల్లి కళ్ళు చూడలేం. తేలిగ్గా ఈనించే కోడె ఏదో, కష్టపెట్టే కోడె ఏదో లెక్కగట్టి చెప్పే పద్ధతి విదేశాల్లో ఎప్పటినుంచో ఉంది. ఆ లెక్క మన చేతికి రాకపోయినా, చిన్న ఆవుకు జెర్సీ, పెద్ద ఒళ్ళున్న ఆవుకే హెచ్‌ఎఫ్ అన్న కనీస జాగ్రత్త పాటించవచ్చు కదా.

పై దేశపు రక్తం సగం దగ్గర నిలపాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ప్రతి తరానికీ హెచ్‌ఎఫే వేస్తూ పోతే సగం, ముక్కాలు, ఆ పైన ఎనిమిదిలో ఏడు పాళ్ళు అవుతుంది. హాలండు చలికి పుట్టిన ఆ పశువు మే నెలలో పూతలపట్టు ఎండకు నాలుక వేలాడేసి రొప్పుతుంది. ఫ్యాను పెట్టాలి, నీళ్ళు చల్లాలి, సూపర్ నేపియర్ కోసి వేయాలి. బోరు ఎండిన ఏడాది ఆ గడ్డి ఎక్కడిది? నీళ్ళున్నవాడు హెచ్‌ఎఫ్ పెట్టుకోనీ. గుట్టపక్క మెట్ట రైతుకు జెర్సీ సంకరమో, ఎండకు తట్టుకునే మన జాతో సరిపోతుంది. ఎవరి నేల చూసి వాళ్ళు కోడెను ఎంచుకోవాలి. పక్కింటివాడి క్యాను చూసి ఎంచుకుంటే ఆవూ మిగలదు, అప్పూ తీరదు.

కోడెదూడ పుడితే మా రోజుల్లో పండగ. కాడికి ఒక ఎద్దు వచ్చినట్టే. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది, కపిల పోయింది, సంకరజాతి కోడెకు మూపురమూ లేదు, ఎండలో పని చేసే ఓపికా లేదు. పుట్టిన వారానికే దాన్ని పాలకు దూరం చేస్తున్నారు. ఆవును, దూడను కోయకూడదని 1977 నుంచే రాష్ట్రంలో చట్టం ఉంది. అయినా దళారుల బండ్లు రాత్రిపూట సరిహద్దు దాటుతూనే ఉన్నాయి. పదింట తొమ్మిది పెయ్యలే పుట్టే లింగ నిర్ధారిత వీర్యం ఇప్పుడు వచ్చింది. మంచిదే. కోడెదూడను వీధిన వదిలే పాపం తగ్గుతుంది. కానీ పెయ్య పుడితే చాలదు. ఏ తండ్రికి పుట్టిన పెయ్య అన్న ప్రశ్న అక్కడా ఉంది.

పుంగనూరు సంగతి చెప్పకపోతే నా కడుపు మండటం ఆగదు. లీటర్లు లేవని మన ఊళ్ళే దాన్ని కాదన్నాయి. పుంగనూరు కోడెలకు విత్తులు కొట్టించి, ఆవులకు జెర్సీ సూదులు వేయించి, రెండు తరాల్లో కొట్టాలు ఖాళీ చేసుకున్నాం. పలమనేరులోని పరిశోధనా క్షేత్రం పట్టుబట్టి కాపాడకపోయి ఉంటే ఆ పేరు పుస్తకాల్లోనే మిగిలేది. 2020లో మిషన్ పుంగనూరు పేరుతో వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం చేతికి ఆ జాతిని పెంచే పని వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకు మేత పెట్టిన బొమ్మలు దేశమంతా చూసింది. అప్పటినుంచి అందరికీ ఇంటి ముందు పొట్టి ఆవు కావాలి.

కొనేవాళ్ళు చూస్తున్నదేమిటి? ఎత్తు ఒక్కటే. ఎంత పొట్టిదైతే అంత ధర. ఏ పొట్టి ఆవు కనిపించినా పుంగనూరు అని లక్షలకు అమ్ముతున్నారు. పొట్టితనం కోసమే కోడెను ఎంచితే పాలు పోతాయి, చూలు శక్తి పోతుంది. ఉన్న కొద్ది కోడెల్లోనే తిప్పి తిప్పి కలిపితే దగ్గర రక్తం చేరి జాతే బలహీనపడుతుంది. మా పెద్దలు పుంగనూరును ముద్దుకోసం పెంచలేదు. పాలకోసం, వెన్నకోసం, సేద్యంకోసం పెంచారు. ఆ గుణాలున్న కోడెను వెతికి పట్టుకోవడమే దాన్ని నిజంగా కాపాడటం.

ఎంపిక ఏం చేయగలదో తెలియాలంటే మన ఒంగోలు కథ చూడండి. ఒంగోలు జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్‌కు పోయాయి. మన నెల్లూరు పేరే అక్కడ నెలోరె అయింది. 1960ల మొదట్లో ఒంగోలు పక్కన కరవది ఊరి పేరున్న ఒక కోడెను అక్కడికి తీసుకుపోయారు. ఇవాళ ఆ దేశపు నెలోరె మందల్లో దాని రక్తం కనిపించని చోటు అరుదు. వాళ్ళు పెంచేది మాంసానికి, మనం పెంచింది సేద్యానికి, పాలకు. ఆ అవసరం వాళ్ళది, దాని మంచిచెడ్డల జోలికి నేను పోను. ఎంచే పద్ధతి మాత్రం చూడండి. పుట్టిన నాటి బరువు, పాలు విడిచిన నాటి బరువు, ఏడాదికి పెరిగిన ఒళ్ళు, కూతుళ్ళు ఎన్నో నెలలో ఈనాయి, కోడె విత్తుల చుట్టుకొలత, అన్నీ పుస్తకంలో రాసిపెడతారు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఈ ఆవుకు ఈ కోడె అని ఎంచుతారు. మన ఊళ్ళలో తల్లిని చూసి కోడెను ఎంచిన తెలివికి వాళ్ళు అంకెలు జోడించారు. మన పశువుతో, మన పెద్దల పద్ధతితో వాళ్ళు పైకొచ్చారు. మనం ఆ పద్ధతిని పంచాంగాలతో పాటు అటక మీద పెట్టి మరిచిపోయాం.

ఇప్పుడు మనకు ఏం తక్కువ? 2014లో రాష్ట్రీయ గోకుల్ మిషన్ వచ్చింది. ఆవు చెవికి పన్నెండంకెల పసుపు ట్యాగు వేస్తున్నారు. వేసిన ప్రతి సూదీ ఫోన్లో ఎక్కించే ఏర్పాటు ఉంది. కోడె కూతుళ్ళ పాలు కొలిచి కోడెకు మార్కులేసే సంతాన పరీక్ష ఉంది. దానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి, రక్తపు చుక్కలోని జన్యువులు చదివి చిన్నప్పుడే అంచనా కట్టే గౌ చిప్‌ను 2024 అక్టోబరులో మన దేశమే విడుదల చేసింది. మా నాయన మోకాళ్ళ మీద కూచుని గిట్టలు చూసి తెలుసుకున్నదానికి వందరెట్లు సమాచారం ఈ రోజు తయారుగా ఉంది. అడిగేవాడు లేక అది కాగితాల్లోనే ఉండిపోతోంది.

ఊళ్ళోవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ఆవు ఎదకొచ్చి ఫోన్ చేసినప్పుడు "ఎప్పుడొస్తావు?" అనడానికి ముందు "ఏ కోడెది తెస్తావు?" అనండి. దాని తల్లి ఒక ఈతలో ఎన్ని పాలిచ్చింది, వెన్న ఎంత, అని అడగండి. మీ ఆవు తండ్రి నెంబరు చెప్పి, అది కానిది తెమ్మనండి. సూది వేసినాక ఖాళీ గొట్టం పారేయనివ్వకండి. అడిగి తీసుకుని నెంబరు, తేదీ డైరీలో రాసుకోండి. పశువుల ఆసుపత్రిలో, రైతు సేవా కేంద్రంలో ఈ నెల ఏయే కోడెల బీజం ఉందో, వాటి తల్లుల పాల లెక్కతో సహా గోడ మీద తెలుగులో అంటించమని గ్రామసభలో అడగండి. ధరల పట్టిక అంటించేవాళ్ళకు ఇది పెద్ద పని కాదు. మూడేళ్ళకోసారి ఊరికి వచ్చే కోడెల నెంబర్లు మార్చమనండి. పాత కట్టుబాటే ఇది, కొత్తదేమీ కాదు.

కనుమ పండుగకు మన పల్లెల్లో గొడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఉప్పుచెక్క తినిపించి, సాయంత్రం చిట్లాకుప్ప మంట దగ్గరికి తోలుకుపోతాం. ఊరి పశువులన్నీ ఒక్క చోట చేరే రోజు ఏడాదిలో అదొక్కటే. ఆ రోజు ఒక్క గంట కేటాయించండి. ఒకే కోడెకు పుట్టిన పెయ్యలన్నింటినీ ఒక వరుసలో నిలబెట్టండి. ఇంకో కోడె కూతుళ్ళను పక్క వరుసలో నిలబెట్టండి. పొదుగులు చూడండి, కాళ్ళు చూడండి, ఎవరి ఆవు ఎన్ని పాలిస్తోందో, ఎన్ని సూదులకు చూలు నిలిచిందో రైతుల్నే చెప్పమనండి. ఏ కోడె మీ ఊరికి మేలు చేసిందో, ఏది చేయలేదో ఆ గంటలో ఊరందరికీ తెలిసిపోతుంది. బాగాలేని కోడె నెంబరు రాసి పశువుల డాక్టరు చేతికివ్వండి, ఇది మాకు వద్దని ఊరంతా ఒక్క మాటగా చెప్పండి. పదిమంది సంతకాలతో వచ్చిన కాగితాన్ని ఎవరూ పక్కన పడేయలేరు. కోడెను ఎంచే హక్కు ఎప్పుడూ ఊరిదే. దాన్ని మన నుంచి ఎవరూ లాక్కోలేదు, మనమే వదిలేశాం. వచ్చే కనుమకు తిరిగి తీసుకుందాం.